మూల మారిన ఐకాన్

"నేనే నొక్కిన అక్కా. గిదే చెయ్యి," అన్నాడు సంపత్, కుడిచెయ్యి చాపి.

డిటెక్టివ్ నీరజ ఆ చేతిని చూడలేదు. అతని మొహాన్నే చూస్తోంది. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి, తిండి మానేసిన మనిషిలా ఉన్నాడు. సూరత్‌లోని కోసాడ్ కాలనీలో, మూడో అంతస్తులో ఒంటిగది ఇల్లు అది. అతనికి ఎదురుగా గోడకు ఆనుకొని వెంకటవ్వ కూర్చుంది. మిల్లులో ఆవిరికి ఒళ్లంతా కాలి, ఆసుపత్రిలో ప్రాణం విడిచిన మొండయ్యకు ఆమె భార్య. ఒడిలో మూత తీయని టిఫిన్ డబ్బా పెట్టుకొని ఉంది. నీ భర్తను చంపింది వీడేనని మిల్లువాళ్లు ఎవరిని చూపించారో, ఆ మనిషికే అన్నం వండుకొని వచ్చింది.

నీరజను ఈ కేసులోకి లాగింది కూడా ఆమే. లింబాయత్‌లో నీరజ నడుపుకొనే చిన్న ఆఫీసుకు మాస్కు కట్టుకొని వచ్చి, "నా పెనిమిటి ఎట్లనో పోయిండు. ఈ పిలగాన్ని గుడ పోగొట్టకురి," అని ఒక్క మాట చెప్పి, అక్కణ్నుంచి కదలకుండా కూర్చుంది. కాదనడానికి నీరజకు నోరు రాలేదు. కరోనా రెండోసారి ఊరి మీద పడిన రోజులు. ఆసుపత్రుల ముందు అంబులెన్సులు వరసకట్టి ఉన్నాయి. ఒక మిల్లులో ఒక కూలీ కాలిపోయాడంటే పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు.

సూరత్ బయట కిమ్ అనే ఊరి దగ్గరి ఆ బట్టల ప్రింటింగ్ మిల్లులో లూప్ అని ఒక యంత్రం ఉంది. నిజానికి అదొక ఇనుప గది. అచ్చు వేసిన గుడ్డ అందులో వేలాడుతూ ముందుకు పోతుంటే ఆవిరి తగిలి రంగు పట్టుకుంటుంది. గుడ్డ తెగి లోపల పడితే తలుపు పక్కన ఉన్న బటన్లతో స్టీమ్ ఆపి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వేడి తగ్గాక మనిషి లోపలికి వెళ్లి తీయాలి. ఆ రోజు మొండయ్య వెళ్లాడు. ఎదురుగా అద్దాల క్యాబిన్‌లో కంప్యూటర్ ముందు సంపత్ ఉన్నాడు. లోపల ఉక్కపోస్తోందని మొండయ్య చెయ్యి ఊపాడు. సంపత్ ఎగ్జాస్ట్ పెంచబోయి స్టీమ్ తెరిచాడు. మిల్లు చెబుతున్నది ఇదే. సంపత్ చెబుతున్నదీ ఇదే. సాయంత్రానికల్లా అతన్ని పోలీసులకు అప్పగించడానికి మిల్లు తరఫు డిటెక్టివ్ అంబదాస్ వస్తానని కబురు కూడా పంపాడు.

"నొక్కెటప్పుడు స్క్రీన్ దిక్కు చూసినవా?" అని అడిగింది నీరజ.

"లేదక్కా. మొండన్ననే చూస్తున్న. లోపట మనిషి ఉంటే కన్ను ఆ మనిషి మీదికెల్లి తియ్యొద్దు. అది మా కాయిదా."

"మరి చూడకుంట ఎట్ల నొక్కుతవ్?"

సంపత్ నేల మీద అరచెయ్యి ఆనించి, మౌస్ పట్టుకున్నట్టు పైకి, ఎడమకు ఒక్క తోపు తోశాడు. ఎగ్జాస్ట్ ఐకాన్ స్క్రీన్‌కు ఎడమ పై మూలన ఉంటుంది. మౌస్‌ను అటు తోస్తే బాణం గుర్తు మూలకు పోయి ఆగిపోతుంది, ఇక చూడనక్కర లేదు. స్టీమ్ ఐకాన్ దానికి పూర్తిగా ఎదురు, కుడి కింది మూలన. ఒకటి బదులు ఒకటి నొక్కే ప్రమాదం లేకుండా ఏళ్ల కిందటే అంత దూరం పెట్టించారు.

అయితే ఆ దూరం నిలబడటానికి ఒక ఇబ్బంది ఉండేదట. మిల్లులో ఒక్కో స్క్రీన్ ఒక్కో కొలత. క్యాబిన్‌లోది పాతది, చదరంగా ఉంటుంది. ఆఫీసులోది ఇంకో రకం. ఇంజినీరు వరప్రసాద్ లాప్‌టాప్ మరీ చిన్నది. ఒకదాని మీద సర్దుకున్న విండోలూ ఐకాన్లూ ఇంకోదానిలో తెరవగానే చెల్లాచెదురు అయ్యేవి. అది గమనించి వరప్రసాదే ఒక చిన్న ప్రోగ్రామ్ తెచ్చి ఎక్కించాడు. ఏ స్క్రీన్ తగిలించినా ప్రతి ఐకాన్ తన మూలకు, ప్రతి విండో ఎడమ అంచు నుంచి తన దూరానికి తానే వచ్చి కూర్చుంటుంది. ఎవరైనా ఒక ఐకాన్‌ను ఒక స్క్రీన్ మీద జరిపితే, మిగతా అన్నిటి మీదా అదే చోటికి జరుగుతుంది.

"అన్నిట్ల ఒక్క తీరుగ ఉంటదని ధీమా అక్కా. గా ధీమా మీదనే చెయ్యి పోయింది," అన్నాడు సంపత్. "మరి ఆ దినం నా చెయ్యి కుడి దిక్కు ఎట్ల పోయిందో నాకే సమజ్ అయితలేదు."

నీరజ పెన్ను పక్కన పెట్టింది. అతని చెయ్యి కుడికి పోయి ఉండదని ఆమెకు అప్పుడే అనుమానం తగిలింది. పోయింది ఐకాన్ అయి ఉండాలి.

ఆ కంప్యూటర్‌లోకి ఇంకెవరు రాగలరని అడిగింది. వరప్రసాద్ సారు ఒక్కరే అన్నాడు సంపత్. ఆయనకు కరోనా సోకి ఇంట్లోనే ఉంటూ, అక్కణ్నుంచే స్టీమ్ వేడి ఎక్కువ తక్కువలు చూసుకుంటున్నాడు. ఆ రోజు పొద్దున కూడా ఆయన ఫోన్ నుంచి మెసేజ్ వచ్చింది. సంపత్ తన ఫోన్ తీసి చూపించాడు. 'స్టీమ్ కొంచెం పెంచాను అండి. మీరు చూసుకోండి' అని ఉంది.

"సారు ఎప్పుడు గిట్లనే రాస్తడా?"

సంపత్ మొదటిసారి తల ఎత్తాడు. "లేదు. ఆయన మాట అంటే ఒరేయ్ తప్ప ఇంకోటి లేదు. మనసు మంచిదే గని నోరు గంతే. నన్ను ఎన్నడు అండి అనలే. బీమారు మనిషిని మెత్తగ చేసిందనుకున్న."

నీరజ లేచింది. వెంకటవ్వ డబ్బా మూత తీసి సంపత్ ముందుకు జరుపుతూ, మొండయ్య ఉంటే నువ్వు తినేదాకా ఊరుకునేవాడా అని నెమ్మదిగా అడగడం, గుమ్మం దాటుతుంటే ఆమెకు వినిపించింది.

*

మిల్లు గేటు దగ్గరే అంబదాస్ ఎదురొచ్చాడు. పోలీసు నౌకరీ నుంచి దిగాక సూరత్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టిన మొదటి తెలుగువాడు ఆయన. ఆయన దగ్గరే నీరజ ఈ పని నేర్చుకుంది, ఆయనతో పొసగకే బయటికి వచ్చింది. మాస్కు మీది నుంచి ఆయన కళ్లు ఆమెను పాతకాలపు చనువుతోనే పలకరించాయి. వచ్చిన పని అడ్డుకోలేదు. చూసుకో అని తనే ముందు నడిచి లూప్ దాకా తీసుకెళ్లాడు.

ప్రమాదం జరిగాక లూప్ ఆపేశారు. ఆ రోజే మళ్లీ మొదలుపెట్టబోతున్నారు. ఇనుప గది తలుపు బార్లా తెరిచి ఉంది. ఆగయ్య అనే ముసలి పనివాడు మరో ఇద్దరిని వెంటబెట్టుకొని, లోపల మిగిలిపోయిన గుడ్డ లాగడానికి తలకు తువ్వాలు చుట్టుకుంటున్నాడు. క్యాబిన్‌లోకి పోతూ నీరజ వాళ్లను చూసింది. అంబదాస్ ఫోన్ చూసుకుంటూ వెనక వస్తున్నాడు.

క్యాబిన్‌లో కంప్యూటర్ ఆన్ చేసి, స్క్రీన్ వైపు చెయ్యి చూపించాడు అంబదాస్. ఎగ్జాస్ట్ ఐకాన్ ఎడమ పై మూలన ఉంది. స్టీమ్ కుడి కింది మూలన ఉంది. సంపత్ చెప్పిన చోట్లలోనే ఉన్నాయి.

"చూసినవ్ గద. పోరడు పరేషాన్‌ల ఉన్నడు, చెయ్యి తప్పింది. ఇండ్ల కుట్ర ఏం లేదు," అన్నాడు.

నీరజ కుర్చీ లాక్కొని కూర్చుంది. ఐకాన్ల సంగతి వదిలేసి మిగతా స్క్రీన్‌ను చూసింది. కుడి అంచున వేడి చూపించే విండో ఒకటి ఉంది. ఉందంటే ఉంది కానీ, ఎడమవైపు ముక్క ఒక్కటే కనిపిస్తోంది. మిగతాదంతా స్క్రీన్ బయటికి పోయింది. అంకెలు పడే భాగమే కనిపించడం లేదు.

వేడి ఎంతుందో కనపడని స్క్రీన్ ముందు కూర్చొని సంపత్ ఇన్నేళ్లు పని చేశాడా అని అడిగింది. ఎవరిదో చెయ్యి తగిలి జరిగి ఉంటుందన్నాడు అంబదాస్. ఆమె ఒప్పుకోలేదు. చెయ్యి తగిలి జరిగితే ఒక విండో జరుగుతుంది. దాని కింది అలారం విండో కూడా సరిగ్గా అంతే మేర బయటికి పోయింది. రెండూ ఒకే వరసలో, ఎవరో ఓపిగ్గా కుడి అంచుకు చేర్చి సర్దినట్టే ఉన్నాయి. కాకపోతే ఆ సర్దిన మనిషి చూసిన కుడి అంచు ఈ స్క్రీన్‌ది కాదు. దీనికన్నా చాలా వెడల్పయినది.

ఆమె వెళ్లి ఆఫీసులోని స్క్రీన్, బల్ల మీది హాజరు పుస్తకం చూసి వచ్చింది. ఆ స్క్రీన్‌కూ అంత వెడల్పు లేదు. ఇంజినీరు లాప్‌టాప్ ఆఫీసు బీరువాలోనే ఉంది, అది ఇంకా చిన్నది.

"కాకా, ఈ మిల్లుల అంత పెద్ద స్క్రీన్ లేదు. ఐకాన్లు పాత చోటుకు తెచ్చి పెట్టింది బయటి మనిషి. గోడకు తగిలించిన టీవీ అసొంటి దాని మీద చూసి పెట్టిన్రు. పాత చోటుకు తెచ్చి పెట్టిన్రంటే అంతకు ముందు జరిపిన్రనే గద. సంపత్ ఎడమ మూలనే నొక్కిండు. ఆ దినం అక్కడ స్టీమ్ ఉండె."

అంబదాస్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అద్దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. తర్వాత మెల్లగా, ఆమెకు పాఠం చెప్పిన రోజుల్లోని గొంతుతోనే మాట్లాడాడు. పోయిన ఏడాది లాక్‌డౌన్‌లో ఊళ్లకు నడిచిపోయిన వాళ్లు ఇప్పుడిప్పుడే తిరిగి వచ్చి ఈ మిల్లులో చేరారన్నాడు. కుట్ర అని పేరు పడితే మిల్లుకు తాళం పడుతుంది, వాళ్లంతా మళ్లీ రోడ్డు మీదికొస్తారు. చెయ్యి తప్పిందని రాసుకుంటే సంపత్‌కు పడేది చిన్న శిక్ష. తనే మంచి వకీలును పెట్టి తొందరగా బయటికి తెస్తాడు. నీరజ విన్నది. ఆయన మాటల్లో అబద్ధం లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

"మరి వెంకటవ్వకు ఏం చెప్పాలె కాకా? చెయ్యి తప్పింది, ఇంటికి పోయి పండుకో అని చెప్పాలెనా?"

"టీవీ అంటున్నవ్. ఎవరి టీవీ?" అన్నాడు ఆయన, మాట దాటవేసి. "పాస్‌వర్డ్ ఉన్నది ఒక్క వరప్రసాద్ దగ్గర. మొండయ్య కాలిన ముందటి దినం పొద్దుగూకంగనే ఆయన ఆసుపత్రిల చేరిండు. ఆక్సిజన్ పెట్టిన్రు, తెలివి లేదు. నేను సొంతంగ పోయి కనుక్కున్న. ఆసుపత్రి మంచం మీదికెల్లి ఐకాన్లు జరుపుతడా మనిషి?"

నీరజ కట్టుకొచ్చిందంతా ఒక్కసారి కూలినట్టయింది. ఆయన అనుకున్నదీ అదే. కానీ ఆ మాట చెప్పి ఆయన ఒక తప్పు చేశాడు. అది ఆమెకు ఒక క్షణం ఆలస్యంగా తట్టింది.

"మిల్లు హాజరుల వరప్రసాద్ గారు ఆ దినం డ్యూటీల ఉన్నట్టే ఉంది. పొద్దుగాల ఆయన ఫోన్ నుంచి సంపత్‌కు మెసేజ్ వచ్చింది. తెలివిలేని మనిషి మెసేజ్ ఎట్ల పెట్టిండు?" అంది. అంటుండగానే 'అండి' అన్న ఆ మాట కళ్ల ముందు కదిలింది. ఒరేయ్ తప్ప ఎరగని మనిషి ఫోన్‌లో, ఎవరినీ నువ్వు అనడం అలవాటు లేని ఇంకొకరి చెయ్యి. ఇంట్లో ఆయన ఫోన్ ముట్టుకోగల ఆడమనిషి చెయ్యేమో. "కాకా, ఆ ఇంట్ల ఇంకెవరున్నరు?"

ఆయన జవాబు చెప్పేలోపు స్క్రీన్ ఒక్కసారి నల్లబడి మళ్లీ వెలిగింది.

విండోలన్నీ కదిలాయి. అక్షరాలు చిన్నవై, స్క్రీన్ అడ్డంగా సాగినట్టయి, పైనా కిందా నల్లటి పట్టీలు పడ్డాయి. బయటికి పోయిన వేడి విండో పూర్తిగా లోపలికి వచ్చింది. అది ఏ స్క్రీన్ కోసం సర్దారో ఆ స్క్రీన్ ఇప్పుడు ఎక్కడో వెలిగింది. నీరజ ముట్టుకోకుండానే బాణం గుర్తు కదిలింది. తడబడుతూ, ఆగుతూ, కుడి కింది మూల వైపు పోతోంది.

నీరజ అద్దంలోంచి చూసింది. లూప్ తలుపు దగ్గర ఎవరూ లేరు. ముగ్గురూ లోపలికి వెళ్లారు.

ఆమె చెయ్యి మౌస్ మీద పడింది. బాణాన్ని బలంగా పైకి లాగి పట్టుకుంది. "కాకా, లోపట మనుషులున్నరు."

అంబదాస్ వెనక్కి తిరిగి చూశాడు. ఆ వయసులో ఆయన అంత వేగంగా పరిగెత్తగలడని నీరజ ఎప్పుడూ అనుకోలేదు. తలుపు తోసుకొని పోయాడు. ఆగయ్యను పేరు పెట్టి పిలుస్తూ, ఆ ఇనుప గదిలోకే దూరాడు.

ఆమె లాగిన బాణం మళ్లీ కిందికి జారింది. అవతల చెయ్యి వదలడం లేదు. ఒకే బాణాన్ని రెండు చేతులు రెండు వైపులకు లాగుతున్నాయి. ఆమె కుడిచెయ్యి తీయకుండానే, ఎడమచేత్తో రాసుకునే విండో ఒకటి తెరిచింది. అది స్క్రీన్ మధ్యలో తెరుచుకుంది. ఇక్కడ కనిపించేది అక్కడా కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్కో వేలితో కొట్టింది.

'అమ్మా, చెయ్యి తీయండి. లూప్ లోపల ముగ్గురు మనుషులు ఉన్నారు.'

బాణం ఆగిపోయింది.

అద్దం అవతల మొదట ఒక కుర్రాడు బయటికి వచ్చాడు. వెనకే ఇంకొకడు. తర్వాత ఆగయ్య భుజం పట్టుకొని అంబదాస్. నలుగురూ బయటపడ్డాక గాని నీరజ మౌస్ మీది చెయ్యి తీయలేదు. సంపత్ కూడా ఆ రోజు ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చుని, ఇలాగే లోపలి మనిషి మీద కళ్లు నిలిపి ఉన్నాడు.

స్క్రీన్ మీద ఆమె రాసినదాని కింద ఒక్కో అక్షరం పడసాగింది.

'లోపల ఎవరూ ఉండరని చెప్పారు అండి.'

నీరజ రాసింది. 'మీరు వరప్రసాద్ గారి భార్యా?'

ఈసారి జవాబు ఆగకుండా వచ్చింది.

'పద్మారాణి. ఆయనకి ఏం తెలీదు. ఆయన ఆసుపత్రికి వెళ్లాక నేనే ఆయనలాగా కూర్చున్నాను. మంచాన పడ్డవాళ్లని మిల్లువాళ్లు తీసేస్తున్నారని భయపడ్డాను. ఏ ఐకాన్ ఎందుకో ఆయన చెప్పిన మేరకు రాసుకున్నాను. మా ఇంటి కంప్యూటర్‌కి టీవీయే స్క్రీన్, అందులో అన్నీ చిన్నగా ఉన్నాయి, వెతుక్కోలేక ఎడమ పై మూలలో ఉన్నదాన్ని పక్కకి జరిపి స్టీమ్‌ది అక్కడికి తెచ్చి పెట్టుకున్నాను. మిల్లులో కూడా మారుతుందని నాకు తెలీదండి. ఆ అబ్బాయి తప్పు లేదు. మనిషి పోయాడని తెలిశాక ఐకాన్లూ విండోలూ పాత చోట్లకి సర్దేశాను. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.'

నీరజ ఆ వరసలు రెండోసారి చదివింది. ఈ పేరు బయటపెట్టి సంపత్‌ను కాపాడాలి. ఊపిరి కోసం కొట్టుకుంటున్న భర్తను ఆసుపత్రిలో వదిలి, ఒంటరిగా టీవీ ముందు కూర్చుని ఒక కొలువును నిలబెట్టబోయిన ఈ మనిషినీ వదిలేయకూడదు. రెండూ ఎలా కుదురుతాయో ఆమెకు ఆ క్షణాన తోచలేదు. అడగాల్సింది మాత్రం ఒకటి మిగిలింది.

'ఇప్పుడు మళ్లీ ఎందుకు వచ్చారు? లోపల ఎవరూ ఉండరని ఎవరు చెప్పారు?'

'మొన్న ఇంటికి ఒక పెద్దాయన వచ్చారు. టీవీ చూసి అంతా కనిపెట్టేశారు. మీ పేరు రాదు, నేను చూసుకుంటాను అన్నారు. ఇవాళ ఈ వేళకి కంప్యూటర్‌లోకి వెళ్లి, కింది మూల స్టీమ్ ఐకాన్ తెరిచి, ఎప్పుడు ఏం మార్చామో అందులో ఉన్న పాత గుర్తులన్నీ తీసెయ్యమన్నారు, లోపల ఎవరూ ఉండరన్నారు. ఆయన పేరు అంబదాస్ గారు.'

నీరజ ఈ పొద్దు తెలుసుకున్నదంతా ఆయన మొన్ననే తెలుసుకున్నాడు. సంపత్ చెయ్యి తప్పలేదని తెలిసే, ఇంతసేపూ ఆమె ఎదుట నిలబడి తప్పిందని చెప్పాడు. కింది మూలన ఏ ఐకాన్ ఉందో ఆయనకు తెలియకుండా ఉండదు. మనుషులు లోపల ఉన్న సంగతి మాత్రం ఆయనకు తెలియదు. ఆ పరుగు నటన కాదు.

క్యాబిన్ తలుపు చప్పుడైంది. అంబదాస్ మాస్కు గడ్డం కిందికి జారిపోయి, చెమటతో తడిసి, గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వెనక ఆగయ్య, ఆ ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఆగారు. అంబదాస్ కళ్లు స్క్రీన్ మీద ఆఖరి వరస దాకా వెళ్లాయి. తన పేరు దగ్గర ఆగాయి.

"బంద్ పెట్టు నీరజా," అన్నాడు, ఆమెకు మాత్రమే వినిపించేంత చిన్నగా. "చూసింది మనం ఇద్దరమే. ఆమెను గుడ కాపాడినట్టయితది. ఆలోచించు బిడ్డా."

ఆయన చెయ్యి కంప్యూటర్ స్విచ్ వైపు సాగింది. నీరజ ఆ చేతికి అడ్డంగా కుర్చీ జరిపింది. ఆయన మొహంలోకి చూడలేదు. వెనక నిలబడ్డ ఆగయ్య వైపు తిరిగి, జర దగ్గరికి రమ్మని పిలిచి, స్క్రీన్ మీద ఉన్నదంతా మొదటి వరస నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది.